మోయాబ్ దారిలో మా బండికి వణుకు

గంటకి 65 మైళ్ల స్పీడు. మన లెక్కలో 105 కిలోమీటర్ల దాకా. చిన్న బ్రిడ్జి అతుకు మీద ముందు టైర్లు 'టక్' మన్నాయి. అంతే, చేతిలోని స్టీరింగ్ గట్టున పడ్డ చేపలా కొట్టుకోవడం మొదలెట్టింది. స్టీరింగే కాదు, బానెట్టు, డ్యాష్‌బోర్డు, వెనక సీట్లో అమ్మ ఒళ్లో ఉన్న పులిహోర డబ్బా, అన్నీ ఊగుతున్నాయి. ముందు చక్రాలు ఊడి పక్క లేన్‌లోకి పోతాయేమో అనిపించింది.

నా కాలు బ్రేకు మీదకి వెళ్లబోయింది. పక్క సీట్లోంచి నాన్న గొంతు: "బ్రేకు తొక్కకు. స్టీరింగ్‌తో కుస్తీ పట్టకు, ఊరికే గట్టిగా పట్టుకో. ఎక్సిలేటర్ వదిలెయ్."

వదిలేశాను. 60, 55, 50... 40 దగ్గరికి వచ్చేసరికి ఎవరో స్విచ్ ఆపినట్టు ఆగిపోయింది. హజార్డ్ లైట్లు వేసి షోల్డర్ మీదకి తీశాను. వెనక ఉన్న పెద్ద ట్రక్కు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. అమ్మ ఏమీ మాట్లాడలేదు. అమ్మ మాట్లాడకపోవడం అంటే మా ఇంట్లో చాలా పెద్ద విషయం.

ఇది సెప్టెంబరు చివర, అమెరికాలో కొలరాడో రాష్ట్రం పడమటి అంచున, పాలిసేడ్ అనే ఊరు దాటగానే జరిగింది. వెళ్తున్నది యూటా రాష్ట్రంలోని మోయాబ్‌కి.

నేను డెన్వర్ పక్కన ఆరోరాలో ఉంటాను. బీటెక్‌లో మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి దూకిన లక్షల మందిలో ఒకణ్ణి. నాలుగేళ్లు చదివాను గానీ చేత్తో పానా పట్టింది ల్యాబ్‌లో రెండుసార్లు, అదీ రికార్డు మీద సంతకం కోసం. మా నాన్న చదివింది ఐటీఐ. విజయవాడలో ఆర్టీసీ మెకానిక్‌గా రిటైరయ్యాడు. అమ్మానాన్నలు మూడు నెలలుండడానికి వచ్చారు. అమ్మకి వంటిల్లు దొరికింది, పక్కింటి గుజరాతీ ఆంటీ దొరికింది. నాన్నకి ఏమీ దొరకలేదు. పొద్దున్నే లేచి బాల్కనీలో కూర్చుని కింద పార్కింగ్‌లో బళ్లని లెక్కపెట్టేవాడు. అది చూడలేకే ఈ ట్రిప్ వేశాను.

బండి సెకండ్ హ్యాండ్ పికప్ ట్రక్కు, ఫోర్ వీల్ డ్రైవ్. మంచులో పనికొస్తుందని కొన్నానని అందరికీ చెబుతాను. నిజానికి అందం చూసి కొన్నాను. అమ్మినాయన దాన్ని మూడంగుళాలు పైకి లేపించి, 35 అంగుళాల టైర్లు వేయించాడు. జులైలో ఒకసారి ఇలాగే ఊగింది. మా ఊళ్లో ఒక షాపులో చూపిస్తే, "స్టీరింగ్ డ్యాంపర్ పోయింది" అని కొత్తది వేసి 300 డాలర్లు తీసుకున్నారు. రెండు నెలలు హాయిగా నడిచింది. సమస్య తీరిందనుకున్నా. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు కూడా.

డెన్వర్ నుంచి మోయాబ్ దాదాపు 355 మైళ్లు. ఐ-70 అనే హైవే ఎక్కితే రాకీ పర్వతాల నడుమగా పడమటికి తీసుకెళ్తుంది. గంటన్నరలో 11 వేల అడుగుల పైన ఐసెన్‌హోవర్ టన్నెల్ వస్తుంది. 1973లో తెరిచారు, 1.7 మైళ్ల పొడవు. సొరంగంలోంచి బయటపడగానే పెద్ద దిగుడు. అక్కడ రోడ్డు పక్కన కొండమీదకి ఎక్కే ఒక కంకర దారి చూసి నాన్న అదేంటని అడిగాడు. బ్రేకులు ఫెయిలైన లారీలు అందులోకి దూరితే కంకరలో కూరుకుపోయి ఆగుతాయని చెప్పాను. నాన్న వెనక్కి తిరిగి అది కనపడేంతవరకూ చూశాడు. "దీన్ని కట్టినవాడెవడో డ్రైవర్ల బాధ తెలిసినోడు" అన్నాడు. టన్నెల్‌ గురించి మాత్రం ఒక్క మాట అనలేదు.

తర్వాత గ్లెన్‌వుడ్ కేన్యన్. ఈ దారి మొత్తంలో నాకు బాగా ఇష్టమైన చోటు. రెండు పక్కలా నిట్టనిలువు రాతి గోడలు, అడుగున కొలరాడో నది, ఓ పక్కగా రైలు పట్టాలు. మిగిలిన కాస్త ఖాళీలోనే హైవేని దూర్చారు. చోటు చాలక వెళ్లే రోడ్డునీ వచ్చే రోడ్డునీ మెట్లలా ఒకదానికంటే ఒకటి ఎత్తులో కట్టారు. పన్నెండు మైళ్లలో దాదాపు 40 వంతెనలు. ఐ-70లో చివరగా పూర్తయిన ముక్కల్లో ఇదొకటి, 1992లో.

అన్ని వంతెనలంటే అన్ని అతుకులు. అక్కడ నేను గోడలు చూపిస్తుంటే నాన్న చూపు నా చేతుల మీదే ఉంది.

"ప్రతి అతుకు దగ్గరా స్టీరింగ్ వణుకుతోంది కదరా."

"రోడ్డు అలా ఉంది నాన్నా."

"రోడ్డు కాదు" అన్నాడు. మళ్లీ అనలేదు. నేనూ వినలేదు. కేన్యన్‌లో స్పీడు లిమిట్ తక్కువ, కాబట్టి అక్కడ బతికిపోయాం. పాలిసేడ్ దగ్గర కొండలు విడిపోయి, మైదానం వచ్చి, లిమిట్ 75కి పెరిగాక బయటపడింది.

షోల్డర్ మీద నాన్న బండి దిగలేదు. ముందు ప్రశ్నలు మొదలెట్టాడు. ఎంత స్పీడులో మొదలైంది? ఎంతకి ఆగింది? బ్రేకు తొక్కినప్పుడు వస్తుందా? గతుకులో పడితే వస్తుందా? ఇంతకు ముందెప్పుడైనా వచ్చిందా? దేన్ని మార్చారు?

చివరి రెండిటికీ నిజం చెప్పాల్సొచ్చింది. తిడతాడనుకున్నాను. తిట్టలేదు, లెక్క కట్టాడు. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కులో తేడా. ఫలానా స్పీడులో సన్నగా మొదలై, స్పీడు పెంచితే తగ్గిపోతే టైరు బ్యాలెన్సింగ్. గతుకు తగలగానే మొదలై, బాగా నెమ్మదించేదాకా ఆగకపోతే మాత్రం ముందు ఎక్కడో ఏదో లూజు. "నీది మూడోది" అన్నాడు.

జులై నుంచి అడగాల్సిన ప్రశ్నలివి. నేను రోజూ ఆఫీసులో చేసే పని ఇదే. బగ్ వస్తే ఎప్పుడొస్తోంది, ఏం చేస్తే వస్తోంది, ఆఖరున ఏం మార్చాం అని అడుగుతాం. సొంత బండి విషయంలో మాత్రం గూగుల్ మొదట చూపించిన పార్టు కొనేశాను.

40 దాటకుండా గ్రాండ్ జంక్షన్ దాకా వెళ్లి ఒక మోటల్లో దిగాం. ఊరికి ఉత్తరాన బుక్ క్లిఫ్స్ అని బూడిదరంగు కొండల వరస ఉంటుంది, సాయంత్రం గులాబీ రంగుకి తిరుగుతుంది. ఆ రోజు నేను వాటిని చూసింది లేదు. మోయాబ్‌లో రూమ్ డబ్బులు పోతాయా, బండిని టో చేయించాలా, రిపేరు ఎంతవుతుంది, ఇవే లెక్కలు. నాన్న మాత్రం అమెరికా వచ్చాక మొదటిసారి రాత్రి రెండు చపాతీలు ఎక్కువ తిన్నాడు.

పొద్దున ఆరున్నరకి చలి. మోటల్ పార్కింగ్‌లో నాన్న నా పాత హుడీ వేసుకుని, కార్డ్‌బోర్డు పరుచుకుని బండి కింద పడుకున్నాడు. అరవై రెండేళ్లు. నేను దూరతానంటే "నీకేం చూడాలో తెలీదు" అన్నాడు. కాదనడానికి ఏముంది?

మొదట టైర్లలో గాలి చూశాడు. షాపువాళ్లు 50 పీఎస్ఐ కొట్టారు. టైరు మధ్యలో అరిగింది, అంచులు కొత్తగా ఉన్నాయి. అంటే ఈ బండి బరువుకి గాలి ఎక్కువైంది. తర్వాత జాకీ పెట్టి ముందు చక్రం పైకెత్తి, కింద స్టాండు పెట్టించి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. అలా ఊగితే బాల్ జాయింట్లో, బేరింగో పోయినట్టు. ఊగలేదు. తర్వాత ఎడమా కుడీ పట్టుకుని ఊపాడు. డ్రైవర్ వైపు టై రాడ్ ఎండ్‌లో కొంచెం ప్లే ఉంది. దొరికింది అన్నాను. "ఇది చిల్లర దొంగ. ఇంత గొడవ దీని వల్ల కాదు" అన్నాడు.

అప్పుడు అసలు పరీక్ష. దీనికి చక్రాలు నేల మీదే ఉండాలి, బండి బరువంతా వాటి మీదే పడాలి. గాల్లో లేపితే లూజు దాక్కుంటుందట. ఇంజిన్ ఆన్, గేరు పార్కింగ్‌లో, హ్యాండ్‌బ్రేకు, వెనక చక్రాలకి రాళ్లు. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ని కాస్త ఎడమకీ కాస్త కుడికీ తిప్పుతూ ఉండాలి, కింద ఉన్నవాళ్లు ఒక్కో జాయింటు మీద వేలు పెట్టి చూడాలి. నేను టార్చి పట్టుకోవాలి. మరి స్టీరింగ్ ఎవరు తిప్పుతారు?

మెకానిక్‌తో ముప్పై నాలుగేళ్లు కాపురం చేసి, జీవితంలో స్టీరింగ్ ముట్టుకోని మా అమ్మ, చీర మీద స్వెట్టర్‌తో అంత ఎత్తు బండి ఎక్కి డ్రైవర్ సీట్లో కూర్చుంది. కింద నుంచి నాన్న "తిప్పు" అంటే తిప్పుతోంది, "ఆపు" అంటే ఆపుతోంది. "ఎక్కువ తిప్పకు, గడియారంలో పది నుంచి రెండు దాకా" అంటే, "నాకు చెప్పక్కర్లా, పప్పు రుబ్బినట్టే కదా" అంది.

కింద నాన్నకి ఒక చిక్కు వచ్చింది. ఆయన జీవితమంతా చూసిన బస్సులకీ లారీలకీ ముందు కమాన్ పట్టీలుంటాయి. ఇరుసుని అవే మోస్తాయి, పక్కకి జరక్కుండా అవే పట్టుకుంటాయి. మా బండికి ముందు ఇరుసు ఒకే దుంగలా ఉంది గానీ, దాని మీద ఉన్నవి కాయిల్ స్ప్రింగులు.

"స్ప్రింగు పైకీ కిందకీ ఆడుతుంది సరే, ఇరుసు పక్కకి పోకుండా ఎవర్రా పట్టుకునేది?" అని తనని తానే అడిగాడు. టార్చి అటూ ఇటూ తిప్పించాడు. ఛాసిస్‌కి ఒక చివర, ఇరుసుకి ఇంకో చివర బిగించి, అడ్డంగా వాలుగా ఒక పొడవాటి రాడ్డు కనిపించింది. పేరు నాకు తెలుసు, ట్రాక్ బార్. వీడియోల్లో చూశాను. పేరు తెలియని నాన్నకి దాని పనేంటో ఒక్క నిమిషంలో అర్థమైంది.

"ఇది ఒక్కటే ఆధారం అన్నమాట. దీని చివర ఒక్క నూలు కదిలినా మొత్తం ఇరుసు ఆడుద్ది."

ఇరుసు వైపు చివర, బోల్టు వాషరు చుట్టూ సన్నగా ఎర్రటి తుప్పు పొడి, దాని మధ్యలో వెండిలా మెరిసే ఒక వలయం. మిగతా బోల్టులన్నీ మురికి పట్టి నల్లగా ఉన్నాయి, ఇదొక్కటే మెరుస్తోంది. ఇనుము ఇనుముని రాస్తే వచ్చే మెరుపు. నాన్న రాడ్డుకీ బ్రాకెట్‌కీ మధ్య అడ్డంగా వేలు పెట్టి "తిప్పు" అన్నాడు. అమ్మ తిప్పింది. టిక్. మళ్లీ తిప్పింది. టిక్. నా వేలు పట్టుకుని అక్కడ పెట్టాడు. స్టీరింగ్ తిరిగిన ప్రతిసారీ ఇరుసు కంటే ముందు బోల్టు కదులుతోంది. రెండు మూడు మిల్లీమీటర్లు, అంతే. బోల్టు తీసి చూస్తే బ్రాకెట్ రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ఉంది.

అంటే జరిగింది ఇది. బండిని పైకి లేపినప్పుడు ఆ రాడ్డు కోణం మారింది. మళ్లీ బిగించినప్పుడు సరిగా బిగించలేదు. పెద్ద టైర్ల బరువుకి బోల్టు లోపల అరగడం మొదలైంది. గతుకు తగిలినప్పుడల్లా ఇరుసు ఆ ఖాళీ మేరకు పక్కకి జరిగి, చక్రాలని ఒక పక్కకి తిప్పుతుంది, టైర్లు దాన్ని వెనక్కి లాగుతాయి, మళ్లీ అటు. ఉయ్యాలని సరైన సమయానికి తోస్తే ఎలా పెరుగుతుందో అలా పెరుగుతుంది. మరి డ్యాంపర్? అది ఊపుని మింగే గొట్టం మాత్రమే. కొత్తది కాబట్టి రెండు నెలలు మింగింది. ఈలోగా రంధ్రం ఇంకా పెద్దదైంది. కోడ్‌లో ఎర్రర్‌ని సరిచేయకుండా స్క్రీన్ మీద కనబడకుండా దాచడం లాంటిది. అలా చేసిన జూనియర్‌ని నేను క్లాసు పీకిన రోజులున్నాయి.

ఊళ్లో ఆఫ్-రోడ్ బళ్లు చేసే ఒక చిన్న షెడ్డు దొరికింది. నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్లాం. అక్కడి వెల్డరుది కూడా నాన్న వయసే. నాన్నకి ఇంగ్లిష్ రాదు, ఆయనకి తెలుగు తెలిసే ప్రసక్తే లేదు. నాన్న కిందకి వంగి, బోల్టు రంధ్రం చూపించి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి గుడ్డు ఆకారం చేశాడు. ఆయన టార్చి వేసి చూసి ఈల వేశాడు. మందపాటి ఇనప పలకకి సరిగ్గా బోల్టు సైజు రంధ్రం వేసి, దాన్ని బ్రాకెట్ మీద అతికించడం పని. వెల్డింగ్ మొదలయ్యే ముందు నాన్న కంగారుగా బ్యాటరీ వైపు చెయ్యి చూపించాడు, వైరు తీశారా అని. ఆయన అప్పటికే తీసిన వైరుని పైకెత్తి చూపించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. చివర్న బోల్టుని బండి నేల మీద నిలబడ్డాకే టార్క్ రెంచ్‌తో బిగించాడాయన. గాల్లో ఉండగా బిగిస్తే, కిందకి దించినప్పుడు లోపలి రబ్బరు బుష్ మెలితిరిగి త్వరగా పోతుంది. నాన్న నా వైపు చూసి, "పనోడు" అన్నాడు. నా ఉద్యోగం గురించి ఆయన ఎప్పుడూ ఆ మాట అనలేదు లెండి.

మోయాబ్ వైపు ఆ మధ్యాహ్నమే కదిలాం. యూటాలోకి వెళ్లాక ఐ-70 వదిలేసి 128వ నంబరు రోడ్డు పట్టుకోండి. ఎవరు వెళ్లినా నా సలహా ఇదే. 44 మైళ్ల దారి, ఎక్కువ భాగం నది ఒడ్డునే. ఎర్రటి రాతి గోడలు, కోటబురుజుల్లా నిలబడ్డ ఫిషర్ టవర్స్, దూరంగా లా సాల్ పర్వతాలు. అమ్మ "ఇదంతా ఇటుకలు పేర్చినట్టుందే" అంది.

మోయాబ్ చిన్న ఊరు, అయిదు వేల మంది జనాభా. 1952లో చార్లీ స్టీన్ అనే ఆయనకి దగ్గర్లో యురేనియం దొరకడంతో ఊరు రాత్రికి రాత్రి నిండిపోయింది. గనుల కోసం ఎడారిలో వేసిన మట్టి దారులే ఇవాళ ఫోర్ వీల్ డ్రైవ్ వాళ్లకి తీర్థాలు. 1967 నుంచి ఏటా ఈస్టర్‌కి ఇక్కడ జీపుల జాతర జరుగుతుంది. ఆర్చెస్ నేషనల్ పార్కులో రెండు వేలకి పైగా రాతి తోరణాలున్నాయి. వాటి ఫొటోలు మీరు చూసే ఉంటారు, అందుకే వాటి జోలికి వెళ్లను.

మర్నాడు కేన్యన్‌ల్యాండ్స్‌లో షేఫర్ ట్రయల్ అంచుకి వెళ్లాం. ఒకప్పుడు పశువుల్ని తోలిన బాట. 1950లలో యురేనియం లారీల కోసం వెడల్పు చేశారు. కొండ గోడకి అంటించినట్టు మెలికలు తిరుగుతూ సుమారు 1,500 అడుగులు దిగుతుంది. చాలా చోట్ల అంచుకి రెయిలింగ్ ఉండదు. పైన నిలబడి చూస్తే కింద జీపు చీమంత. నాన్న చేయి చాచి "పానా" అన్నాడు. కొత్తగా వెల్డింగ్ చేసిన చోట బోల్టు వంద మైళ్ల తర్వాత ఒకసారి సర్దుకుంటుందట, మళ్లీ చూడాలట. పెట్టి లాగాడు. పావు తిప్పు తీసుకుంది. మళ్లీ లాగాడు. కదల్లేదు.

అయినా కిందకి దిగలేదు మేము. దిగుదామని నేను, అక్కర్లేదని నాన్న. "బండి బాగానే ఉంది. నీకు బండి ఇంకా తెలీదు" అన్నాడు. ఒళ్లు మండింది గానీ తాళాలు జేబులోనే ఉంచుకున్నాను. అంచు దగ్గర బండ మీద కూర్చుని మిగిలిన పులిహోర తిన్నాం. కింద లారీలు ఎక్కొచ్చిన రోజుల్లో వాటి డ్రైవర్లు ఏ గేరులో ఎక్కేవాళ్లో నాన్న నాకు చాలాసేపు వివరించాడు.

తిరుగు ప్రయాణంలో పాలిసేడ్ దగ్గర ఆగమన్నాడు. అక్కడ పీచ్ పండ్లు ఫేమస్, సీజన్ చివరికొచ్చింది. అమ్మని పండ్ల కొట్టు దగ్గర దింపి, కొట్టు పక్కన ఖాళీ స్థలంలో బండి కిందకి దూరి, నా 300 డాలర్ల డ్యాంపర్ విప్పి వెనక ట్రేలో పడేశాడు.

"ఇదేంటి నాన్నా!"

"బండి నిజంగా బాగైతే ఇది లేకపోయినా ఊగకూడదు. ఊగితే ఇంకా ఏదో ఉన్నట్టు."

"ఊగితే?"

"ఎక్సిలేటర్ వదిలెయ్. నేర్చుకున్నావుగా."

పడమటి వైపు హైవే ఎక్కాం. అదే బ్రిడ్జి. వెనక ఎవరూ లేరని రెండుసార్లు చూసుకున్నాను. 55. 60. అరచేతుల్లో చెమట. 65. నాన్న చూపు రోడ్డు మీద లేదు, నా చేతుల మీదే ఉంది. అతుకు వచ్చింది.

టక్.

స్టీరింగ్ ఒక్కసారి చిన్నగా కదిలి, మళ్లీ మామూలుగా నిలబడింది. నాన్న సీటు వెనక్కి వాల్చుకున్నాడు. తర్వాతి ఎగ్జిట్‌లో తిరిగి కొట్టు దగ్గరికి వచ్చి, డ్యాంపర్ మళ్లీ బిగించాం. ఈసారి కింద పడుకున్నది నేను, టార్చి పట్టుకున్నది నాన్న. అమ్మ అప్పటికి ఒక బుట్ట పండ్లు కొని, బేరం ఆడనివ్వలేదని కొట్టువాడి మీద చిరాగ్గా ఉంది. టై రాడ్ ఎండ్ ఇంకా మార్చాలి. వచ్చే శనివారం పెట్టుకున్నాం. నాన్న ఇప్పటికే జాకీ స్టాండ్లు రెండు కొనిపించాడు.